రికార్డులో 5.3, తూకంలో 6.2

పదో తరగతి కుర్రవాడొకడు రబ్బరు తీసుకుని 6.2ను చెరిపేస్తున్నాడు. నేను వెనకే నిలబడి ఉన్న సంగతి వాడికి తెలియదు. శుభ్రంగా చెరిపి, కాగితం మీద ఉఫ్‌మని ఊది, అదే చోట గుండ్రటి అంకెలతో 5.3 అని రాసుకున్నాడు. పక్కవాడి వైపు చూసి తల ఊపాడు. ఇక అంతా సర్దుకున్నట్టే.

ఆ రోజు చేసింది పెద్ద ప్రయోగమేమీ కాదు. చిన్న స్టీలు గిన్నెలో 8.4 గ్రాముల వంటసోడా తూచి పోసుకోవాలి. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి ఖాళీ అయ్యాక, సన్నని సెగ మీద దాన్ని వేడి చేసి, చల్లారాక మళ్ళీ తూచాలి. సోడియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి సోడియం కార్బొనేట్ అవుతుంది. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతాయి. అణుభారాలు వేసుకుంటే 168 పాళ్ళ వంటసోడా నుంచి 106 పాళ్ళ కార్బొనేట్ మిగలాలి. అంటే 8.4 గ్రాములకు 5.3 గ్రాములు. ఈ లెక్క పిల్లలు ముందు రోజు రాత్రే ఇంటి దగ్గర చేసుకుని వచ్చారు. మొత్తం ఎనిమిది జట్లు. ఒక జట్టుకు 5.9 వచ్చింది, ఇంకొకరికి 5.6, ఒకరికి ఏకంగా 4.8. మన రబ్బరు వీరుడికి 6.2.

"ఎందుకు చెరిపావు?" అన్నాను.

"తప్పు వచ్చింది సార్."

"తప్పు ఎవరిది? తూకానిదా, సోడాదా?"

"నాదే సార్."

ఆ జవాబుకు వాడు ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. తన కళ్ళతో తూకం మీద చదివిన అంకెను అంత తేలిగ్గా అనుమానించడం పదిహేనేళ్ళ పిల్లవాడికి ఎవరు నేర్పారు? ఇంకెవరు, మేమే.

నిజానికి 6.2లో తప్పేమీ లేదు. సోడా ఇంకా పూర్తిగా విడిపోలేదని ఆ అంకె చెబుతోంది, అంతే. గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టించాను. పది నిమిషాల తర్వాత 5.7. ఇంకోసారి, 5.4. మరోసారి పెట్టినా 5.4 దగ్గరే ఆగింది. బరువు మారడం ఆగేదాకా వేడి చేయాలన్న సూత్రం ఏ పుస్తకంలోనూ చదవకుండానే ఆ జట్టుకు చేతికి వచ్చింది. ఇక 4.8 వచ్చిన జట్టు సంగతి మరీ బాగుంది. లోపలి నుంచి వాయువు తోసుకుని వస్తుంటే పొడి సోడా కూడా పాలలా కుతకుతలాడుతుంది, అంచు దాటి చిందుతుంది. ఆ జట్టులో ఒక అమ్మాయి తన పుస్తకంలో ఇలా రాసింది: "పొయ్యి మీద తెల్లగా పడింది. అక్క తిట్టింది." వంట చేసే అక్క తిట్టిన మాట రికార్డులోకి ఎక్కడం నా పాతికేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆ ఏడాది నేను చదివిన పరిశీలనల్లో అంత నిజాయితీగా రాసింది మరొకటి లేదు.

నా రికార్డు సంగతి కూడా చెప్పుకోవాలి. నేను ఇంటర్ చదివిన రోజుల్లో రసాయన శాస్త్రం ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. ప్రయోగశాల తాళం మాత్రం పరీక్షలకు రెండు వారాల ముందే తీసేవారు. రికార్డు రాయడం అంటే సీనియరు రికార్డు తెచ్చుకుని, బ్యూరెట్ (కింద కొళాయి ఉన్న కొలత గొట్టం) రీడింగులతో సహా దించేయడం. ఆ సీనియరు మరో సీనియరు దగ్గర దించుకున్నాడు. ఆ లెక్కన నా రికార్డులోని రీడింగులు ఎవరి చేతి మీదుగా మొదలయ్యాయో, అసలు ఏ బ్యూరెట్‌లో అయినా ఎప్పుడైనా కనిపించాయో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇచ్చిన లవణం ఏదో కనిపెట్టే లవణ విశ్లేషణ మరీ అన్యాయం. నీలంగా ఉంటే రాగి, ముక్కుకు ఘాటుగా తగిలితే అమ్మోనియం, ఏదీ తేలకపోతే అటెండరుకు టీ డబ్బులు. నాకు 30కి 30 వచ్చాయి. అప్పటికి చుక్కలు చుక్కలుగా పోసి ద్రావణం బలం తేల్చే అంశమాపనం ఒక్కటి కూడా నా చేతితో పూర్తి చేయలేదు.

డిగ్రీలో చేరాక ఒక సాయంత్రం మొదటిసారిగా బ్యూరెట్ కొళాయి నా వేళ్ళ మధ్యకు వచ్చింది. కింద శంకుకుప్పెలో ఆమ్లం, అందులో రెండు చుక్కల ఫినాఫ్తలీన్, క్షారంలో గులాబీ రంగు తిరిగే మందు. క్షారం చుక్క పడిన చోట గులాబీ రంగు మెరిసి, కుప్పె తిప్పగానే మాయమవుతోంది. మెరుస్తోంది, మాయమవుతోంది. ఉన్నట్టుండి ఒక చుక్కకు కుప్పె మొత్తం లేత గులాబీగా మారి అలాగే ఉండిపోయింది. ఒక్క చుక్క! పద్దెనిమిదేళ్ళు వచ్చాక జరిగిన ఈ సంగతి పదమూడేళ్ళకే జరిగి ఉండవలసింది కదా అన్న కడుపుమంటే నన్ను బడిపంతులును చేసింది.

అందుకే నా వాదన సూటిగా చెబుతాను. ఇంటిపని ప్రయోగానికి ముందు రావాలి. ఇంటి దగ్గర ఊహ, బడిలో కొలత. రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో రాయడం మళ్ళీ ఇంటిపని. మార్కులు పడవలసింది ఆ "ఎందుకు"కే, అంకె పుస్తకంతో సరిపోయినందుకు కాదు.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తిరగేసిన వరస. పాఠం అయ్యాక వెనక ఉన్న ప్రశ్నలకు గైడు చూసి జవాబులు దించుకుని రావడమే ఇంటిపని. ప్రయోగమంటే ఉపాధ్యాయుడు బల్ల మీద ఒకసారి చేసి చూపించడం, అదీ తీరిక ఉంటే. లేకపోతే తెర మీద వీడియో. ఏడాది పొడవునా పిల్లల పని చూసి మార్కులు వేసే నిర్మాణాత్మక మూల్యాంకనం పేరుతో రాత పనులు, ప్రాజెక్టు పనులు వచ్చినప్పుడు నేను కూడా సంబరపడ్డవాడినే. రెండేళ్ళు తిరగకుండానే ప్రాజెక్టు అన్నది బస్టాండు దగ్గర ఇంటర్నెట్ కేంద్రంలో పది రూపాయలకు అచ్చయ్యే కాగితంగా మారింది. ఒకసారి నలుగురు పిల్లల ప్రాజెక్టుల్లో ఒకే చోట ఒకే అచ్చుతప్పు కనిపించింది. 'అవక్షేపం' (ద్రావణంలో కరగకుండా పేరుకునేది) బదులు 'ఆక్షేపం'. నాకూ ఆక్షేపమే ఉంది కానీ ఎవరి మీద చూపించను? కూలికి వెళ్ళే తల్లి ఆ పది రూపాయలు, థర్మాకోల్ అట్టకు ఇంకో ముప్ఫై, ఇచ్చింది. పిల్లవాడు నేర్చుకున్నది మాత్రం ఇంటర్నెట్ కేంద్రం ఎన్నింటికి తెరుస్తారన్న సంగతి.

అందుకే ఇంటిపనికి నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఏ ఇంట్లోనైనా దొరికే వస్తువే అడగాలి. అరగంట మించకూడదు. పత్తి ఏరే రోజుల్లో ఇంటిపని ఇవ్వను. ఆ రోజుల్లో సగం తరగతి బడి నుంచి నేరుగా చేలకే వెళుతుంది.

ఆమ్లాలు, క్షారాల పాఠం ముందు నేను ఇచ్చే ఇంటిపని ఇది: "దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎలా తయారు చేస్తారో మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రాసుకుని రండి." అంతే, ఆమ్లం అన్న మాట కూడా ఎత్తను. మర్నాడు తరగతిలో గోల. పసుపు నీళ్ళలో కాస్త సున్నం వేస్తే ఎర్రగా అవుతుందని అందరూ రాసుకుని వస్తారు. కొందరికి పెళ్ళిళ్ళ పారాణి గుర్తుకు వస్తుంది. పసుపు మరక పడిన చొక్కాకు సబ్బు రాస్తే ఎర్రబడటం ప్రతి ఇంట్లోనూ చూసిందే. ఇంతవరకు ఇంటిపని. అప్పుడు బడిలో పళ్ళెం పెట్టి, పసుపు నీళ్ళలో సున్నం కలిపి, ఎర్రబడ్డాక ఒక నిమ్మకాయ చెక్క చేతికిస్తాను. "పిండండి. ఏమవుతుంది? ముందు రాసి, తర్వాత పిండండి."

ముందు రాయమనడమే అన్నిటికన్నా ముఖ్యం. రాయకుండా పిండితే, రంగు మారగానే "నేను అనుకున్నాను సార్" అంటారు అందరూ. రాశాక పిండితే అబద్ధం కుదరదు. చాలామంది "ఇంకా ఎర్రబడుతుంది" అని రాస్తారు. పిండగానే మళ్ళీ పసుపు పచ్చగా తేలిపోతుంది. ఒకసారి ఒక పిల్ల భయంగా అడిగింది, "అయితే దిష్టి తిరిగి వచ్చినట్టా సార్?" అని. ఆ ప్రశ్నకు జవాబు రసాయన శాస్త్రంలో లేదని చెప్పాను. కానీ ఇంకొంచెం సున్నం వేస్తే ఏమవుతుందో చూడమన్నాను. ఎర్రన, పచ్చన, ఎర్రన, పచ్చన అని ముందుకూ వెనక్కూ నడిపించుకుంటూ పీరియడు మొత్తం అక్కడే గడిపారు. రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పేదే సూచిక. ఆ నిర్వచనం నేను చెప్పలేదు, వాళ్ళే చెప్పుకున్నారు. పసుపు నీళ్ళలో తడిపి ఆరబెట్టిన కాగితం ముక్కలు ఆ రోజు నుంచి ప్రతి పిల్ల జామెట్రీ పెట్టెలోనూ ఉంటాయి. కాల్చిన సోడా మారిందా లేదా అని తేల్చింది కూడా ఆ కాగితాలే. మామూలు వంటసోడా నీళ్ళలో అంతంతమాత్రంగా రంగు మారే కాగితం, కాల్చాక మిగిలిన పొడి నీళ్ళలో ముంచితే ముదురు ఎరుపు తిరుగుతుంది. పకోడీల్లో సోడా ఎక్కువైతే అక్కడక్కడా ఎర్రటి మచ్చలు ఎందుకు వస్తాయో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసిపోయింది.

రంగును చూసి మోతాదు చెప్పడం పిల్లల ఆట అనుకునేవారికి ఒక మాట. భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు శాస్త్రలోకానికి మొదట తెలిసింది మందులతో కాదు. తోటి శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఒక కొలత పద్ధతితో. నీలి రంగు ఎంత చిక్కగా వచ్చిందో చూసి ఫాస్ఫరస్ ఎంత ఉందో చెప్పే పద్ధతి అది. ఆయన ఫొటో మా ప్రయోగశాల గోడ మీద ఉంది. దాని కింద బీరువాకు ఏళ్ళ తరబడి తాళం ఉంది.

సున్నపుతేట గురించి రాయకుండా ఉండలేను. తాంబూలంలో వేసుకునే సున్నం నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే పైన తేరుకునే నీళ్ళే సున్నపుతేట. దాన్ని తయారు చేయడం నాకు నమ్మకం కుదిరిన పెద్ద పిల్లల పని, అదీ పెద్దవాళ్ళ ఎదుట. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఇందులోకి గొట్టంతో ఊదితే పాలలా మారుతుందని పుస్తకంలో ఉంది, పరీక్షలోనూ అదే వస్తుంది. అక్కడితో ఆపేస్తారు అందరూ. ఒక ఏడాది ఒక అమ్మాయి ఆపలేదు. మిగతావాళ్ళు గొట్టాలు కడుక్కుంటుంటే ఈమె బుగ్గలు పూరించి ఊదుతూనే ఉంది. కాసేపటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. "సార్, పాలు పోయాయి."

పరీక్షనాళికలో నీళ్ళు మళ్ళీ తేటగా ఉన్నాయి. కాల్షియం కార్బొనేట్ తెల్లగా పేరుకుంటుంది, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఇంకా వెళితే కరిగే బైకార్బొనేట్‌గా మారిపోతుంది. నాకు తెలిసిన సంగతే. కానీ అప్పుడే చెప్పేసి ఉంటే ఆ పిల్ల కళ్ళలో ఉన్నది ఆరిపోయేది. నోరు మూసుకుని, ఆ రోజు తరగతి మొత్తానికి ఇంటిపని ఇచ్చాను: "తెల్లటిది ఎక్కడికి పోయింది? తిరిగి రప్పించడం ఎలా?" మర్నాడు వచ్చిన జవాబుల్లో ఎక్కువ తప్పులే. ఊపిరి తాగేసిందన్నాడు ఒకడు. ఎండిపోయిందన్నాడు మరొకడు. ఒక పిల్లవాడు మాత్రం, "మా ఇంట్లో బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్ల పొర కడుతుంది, దీన్నీ కాచి చూద్దాం" అని రాశాడు. కాచాము. తెల్లదనం తిరిగి వచ్చింది. ఆ రోజు నేను బొర్రా గుహల బొమ్మ చూపించాను. వాన నీరు గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తుంది. గుహ పైకప్పు నుంచి చుక్కగా వేలాడేటప్పుడు ఆ వాయువు పోయి, కరిగిన రాయి మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. ఆ గుహలున్న అనంతగిరి కొండల్లో వేల ఏళ్ళుగా జరుగుతున్నదీ, ఆ పిల్ల బుగ్గలు నొప్పి పుట్టేలా ఊదుతూ చేసిందీ, వంటింటి గిన్నెలో రోజూ జరిగేదీ ఒకే చర్య.

ఇంతవరకు చదివి "అవునవును, అన్నీ ప్రయోగాల ద్వారానే నేర్పాలి" అని తల ఊపేవారితో నాకు పేచీ ఉంది. ప్రయోగం చూపిస్తే చాలు, అర్థమైపోతుందనడం శుద్ధ అబద్ధం. మెగ్నీషియం తీగ కాలినప్పుడు పిల్లలకు కనిపించేది కళ్ళు చెదిరే వెలుగు, తెల్లటి బూడిద. మెగ్నీషియం పరమాణువు రెండు ఎలక్ట్రానులు ఇచ్చిందని ఆ వెలుగులో ఎక్కడా రాసి ఉండదు. గ్లాస్గోలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ అనే రసాయన విద్యావేత్త దీన్ని త్రిభుజంగా చెప్పాడు. కంటికి కనిపించేది ఒక మూల, కనిపించని అణువుల లోకం ఒక మూల, కాగితం మీద రాసే సంకేతాలు మరో మూల. తలపండిన మాస్టారు మూడు మూలలకూ ఒకే వాక్యంలో గెంతగలడు. కొత్తగా వచ్చిన పిల్లవాడు మధ్యలో పడిపోతాడు. ఆ మధ్య దారి వేయడానికి మాట కావాలి, బొమ్మ కావాలి, సాధన కావాలి. సంయోజకతలు (ఒక్కో మూలకం ఎన్ని బంధాలు కలుపుకోగలదో చెప్పే అంకెలు) ఎక్కాల్లాగా నోటికి రావాలి. సమీకరణాలు తుల్యం చేయడం రోజుకు మూడు చొప్పున చేతితో చేయాలి, ఈత నేర్చినట్టే. అది కూడా ఇంటిపనే, అందులో మాయ ఏమీ లేదు. దాన్ని నేను సిగ్గుపడకుండా ఇస్తాను. వంటసోడాలో వెనిగర్ పోసి అగ్నిపర్వతం బొమ్మ పొంగించడం మాత్రం మా బడిలో ఆపించాను. అందులో ఊహించేది లేదు, కొలిచేదీ లేదు. ఆ రంగు నీళ్ళు నేల మీద నుంచి తుడిచేది కూడా పిల్లలు కాదు.

ఇదంతా నేను కనిపెట్టిందీ కాదు. మధ్యప్రదేశ్‌లోని అప్పటి హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు పల్లె బడులతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం ముప్ఫై ఏళ్ళ పాటు ఇలాగే నడిచింది. పిల్లలు జట్లుగా ప్రయోగం చేసి, తమ అంకెల మీద తామే వాదించుకుని, పుస్తకం తెరిచి పరీక్ష రాసేవారు. ప్రయోగానికి విడిగా పరీక్ష ఉండేది. 2002లో ప్రభుత్వమే ఆపేసింది. ఆపడానికి ఒక్క ఉత్తర్వు చాలింది.

తోటి ఉపాధ్యాయులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. సిలబస్ అవ్వదు అంటారు. నిజమే, నాకూ ప్రతి జనవరిలో గుండెదడే. తరగతికి అరవై మంది ఉంటే ఎలా అంటారు. దానికి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. పరిమాణం తగ్గించండి. కంటి మందు సీసాల్లో ఆమ్లం, మాత్రల అట్టల గుంటల్లో చర్య. ఒక గుంటలో మూడు చుక్కలు పడితే చాలు. బీకరు పగిలిందన్న భయం ఉండదు, ఆమ్లం ఖర్చూ ఉండదు.

నీళ్ళ ప్రయోగం గురించి చెబుతాను, అందులో తప్పు నాదే కాబట్టి. మాది ఉమ్మడి నల్గొండ జిల్లా. నీళ్ళ గురించి ఇక్కడ ఎవరికీ ఉత్సాహం కలిగించనక్కర్లేదు. ఇంటిపని ఏమిటంటే, మీ ఇంట్లో తాగే నీళ్ళు, వాడుకునే నీళ్ళు చెరో చిన్న సీసాలో తెచ్చి, ఎక్కడివో కాగితం అంటించండి. సబ్బు నీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసి, పదిసార్లు కుదిపి, నిమిషం పాటు నిలిచే నురగకు ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కపెట్టాలి. మొదటి ఏడాది అన్ని సీసాలకూ దాదాపు ఒకే లెక్క వచ్చింది. నాకు దిమ్మ తిరిగింది. రాత్రి పడుకున్నాక తట్టింది, నేను తెచ్చింది బట్టల డిటర్జెంటు బిళ్ళ! సబ్బుకు నురగ రాని కఠిన జలంలోనూ నురగ రావడమే కదా డిటర్జెంట్ల గొప్ప. మర్నాడు తరగతిలో ఆ సంగతి ఒప్పుకుని, ఒంటి సబ్బు తురిమి మళ్ళీ మొదలుపెట్టాము. క్యాన్ నీళ్ళకు నాలుగు చుక్కలు, నల్లా నీళ్ళకు పదకొండు, బడి బోరుకు ముప్ఫై దాటినా నురగ లేదు, పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టు. కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టేసుకుని కరగని తెట్టుగా మార్చేస్తున్నాయని వాళ్ళ చేతిలోని సీసానే చెప్పింది.

ఒక పిల్లవాడి ఇంటి బోరు నీళ్ళకు ఏడే చుక్కలు పట్టాయి. వాడు లేచి నిలబడి, "మా బోరు మంచిది సార్, ఫ్లోరైడ్ లేదు" అన్నాడు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వాడి తాతకు మోకాళ్ళు వంకర పోయాయి, ఆయన్ను నేను ఎరుగుదును. ఆ మాట వినగానే నా ఒళ్ళు జలదరించింది. సబ్బుకు కనిపించేది కాల్షియం, ఫ్లోరైడ్ కాదు. పైగా సంగతి తిరగబడి ఉంటుంది. కాల్షియం సమృద్ధిగా ఉన్న చోట అది ఫ్లోరైడ్‌తో కలిసి సరిగా కరగని కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. కాల్షియం తక్కువగా ఉన్న నీళ్ళలో ఫ్లోరైడ్‌ను పట్టేవారే ఉండరు. నురగ బాగా వచ్చే మెత్తటి నీళ్ళే ఇక్కడ ఎక్కువ అనుమానించవలసినవి. ప్రయోగం చేశాం కాబట్టి నిజం తెలిసిందనుకుని ఇంటికి పంపేసి ఉంటే, ఆ పిల్లవాడికి నేను తప్పుడు ధైర్యాన్ని నా చేతులతో కట్టి ఇచ్చినట్టు అయ్యేది.

ఆ నీళ్ళను పరీక్ష కేంద్రానికి పంపించాము. లీటరుకు 2.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వచ్చింది. 1.5 దాటకూడదు. మన ప్రాంతపు ఫ్లోరైడ్ కథ 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్య పత్రికలకు ఎక్కిందనీ, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి లోకమంతా నల్గొండ పేరే పెట్టుకుందనీ చెబితే పిల్లలు మొదట నమ్మలేదు. మన ఊరి పేరు పుస్తకంలో ఉండేది రోగానికే అనుకున్నారు వాళ్ళు. తర్వాత వారం ఇంటిపని, పటిక ముక్కతో బురద నీళ్ళు ఎంతసేపట్లో తేరుకుంటాయో గడియారం చూసి రాయడం. ఫ్లోరైడ్ తీయడం మాత్రం ఇంట్లో చేసే పని కాదని మూడుసార్లు చెప్పాను. ఆ పిల్లవాడి ఇంట్లో ఇప్పుడు తాగడానికి నల్లా నీళ్ళే పడుతున్నారు. బోరు నీళ్ళు బర్రెలకు.

భద్రత గురించి రెండు ముక్కలు. ఇంటిపనిలో స్నానాల గది ఆమ్లం, బ్లీచింగ్ పౌడరు పేరు నేను ఎత్తనే ఎత్తను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. బడిలో గాఢ ఆమ్లం సీసా నా చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ ఉండదు. రక్షణ కళ్ళద్దాలు లేకుండా ఎవరూ బల్ల దగ్గరకు రారు, నాతో సహా.

రికార్డుల సంగతికి వస్తాను. ఆ సోడా ప్రయోగం అయిన కొన్ని వారాలకు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. రికార్డులు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగారు. "6.2, 4.8, 5.9... ఇన్ని తప్పులేమిటి మాస్టారూ? సంతకం పెట్టేటప్పుడు సరిచూసుకోలేదా?" అన్నారు. నేను నోరు తెరిచే లోపలే 4.8 జట్టు అమ్మాయి లేచింది.

"తప్పు కాదండి. మాది పొయ్యి మీద పడింది."

ఆయనకు ముచ్చట వేసినట్టుంది. "ఎంత పడిందేమిటి?"

"అర గ్రాము. 5.3లోంచి 4.8 తీసేస్తే అంతే కదండి."

వెనక బెంచీ నుంచి గొంతు వినిపించింది. అది రబ్బరు వీరుడిది. "అలా చెప్పలేమండి. వాళ్ళు రెండోసారి వేడి చేయలేదు. మొత్తం కాలిందో లేదో తెలియదు. ఎక్కువే పడి ఉండవచ్చు."

"కాలకముందు పడిందా, కాలాక పడిందా అన్నది కూడా చూడాలి," అంది ఇంకొక పిల్ల.

"కాలకముందే. అక్క తిట్టింది మొదట్లోనే."

అధికారి గడియారం చూసుకుని పక్క తరగతికి వెళ్ళిపోయారు. ఆయనను సాగనంపి తిరిగి వచ్చేసరికి ఒకడు సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద లెక్క వేస్తున్నాడు, మిగతావాళ్ళు అందులో తప్పు పడుతున్నారు. పొయ్యి మీద ఎంత పడిందన్నది బెల్లు కొట్టేదాకా తేలలేదు.